కర్ర నీడ చెప్పిన లెక్క

డిసెంబరు చివరి వారంలో పోర్ట్ బ్లెయిర్‌లో సాయంత్రం ఐదు దాటగానే సూర్యుడు అస్తమిస్తాడు. 2024లో శ్రీవిజయపురమని పేరు మారిన ఆ అండమాన్ రాజధానిలో దీపాలు పెట్టే వేళకు కాకినాడలో ఇంకా అరగంట పొద్దు ఉంటుంది. గడియారాలు మాత్రం రెండు చోట్లా ఒకే వేళను చూపుతాయి. దేశమంతటికీ కాలాన్ని నిర్ణయించేది 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం. అది కాకినాడ సమీపంగానే పోతుంది.

ఈ తేడాలో ఒక చక్కని బీజగణిత పాఠం ఉన్నది. ద్వీపాలలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ఇళ్ళలోని ఏ విద్యార్థి అయినా డిసెంబరు 25న పెరటిలో కర్రను నిటారుగా పాతి చూడవచ్చును. సూర్యుని నడక ఏడాది పొడుగునా గడియారంతో సరిపోదు. సరిపోయే నాలుగు రోజులలో అది ఒకటి, సెలవు దినం కూడాను. నీడ అతి పొట్టిగా పడే క్షణాన్ని పట్టుకోవడం కష్టం. మధ్యాహ్నానికి ముందొకసారి, తరువాతొకసారి సమానమైన నీడలు పడిన వేళలను గుర్తించి, వాటి నడిమివేళను తీసుకోవడం మేలు. అది 11 గంటల 19 నిమిషాలు అవుతుంది. అంటే అక్కడి సూర్యుడు గడియారంకన్నా 41 నిమిషాలు ముందున్నాడు.

భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. ఇక ఊరి రేఖాంశం ఎంత? 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తెలియని రాశిని ‘యావత్తావత్’ అన్నాడు, అంటే ‘ఎంతో అంత’, క్లుప్తంగా ‘యా’. ఆ అక్షరంతోనే వ్రాస్తే:

4(యా − 82½) = 41

కుండలీకరణం విప్పితే 4యా − 330 = 41. చాలామంది పిల్లలు తడబడేది ఇక్కడే. ‘అటు పోతే గుర్తు మారుతుంది’ అని వల్లించినవాడు తొందరలో గుర్తు మార్చడం మరచి 4యా = 41 − 330 అని వ్రాస్తాడు. నిజానికి ఏదీ ఎటూ పోదు. ఇది త్రాసు వంటిది. 330 తక్కువైన పళ్ళెంలో 330 వేస్తే, రెండవ పళ్ళెంలోనూ అంతే వేయాలి. అప్పుడు 4యా = 371, యా = 92¾. పోర్ట్ బ్లెయిర్ ఉన్నది ఇంచుమించు అక్కడే.

గుర్తు తప్పినవానికి వచ్చేది −72¼, అనగా పశ్చిమ రేఖాంశం. అదే అక్షాంశం మీద అక్కడికి పోతే తగిలేది దక్షిణ అమెరికాలో కొలంబియా ఉత్తరపు కొస! ఆ జవాబును మొదటి సమీకరణంలో తిరిగి పెడితే 41కి బదులు −619 వస్తుంది. 92¾ను పెడితే తేడా 10¼. దానిని 4తో గుణిస్తే 41.