మన రక్షణ పేరిట

ఇచ్చోడ బస్టాండు దగ్గర పావుగంట నిలబడితే తెలుగు, ఉర్దూ, మరాఠీ, గోండీ, లంబాడీ అన్నీ చెవిన పడతాయి. బయటి నుంచి వచ్చిన మిత్రులు ఇది చూసి, ఎంత కలిసిమెలిసి ఉన్నారోనని మురిసిపోతారు. కలిసి ఉన్నమాట నిజమే. కేస్లాపూర్‌లో మెస్రం వంశీయుల నాగోబా పూజకు కావలసిన కుండలు సిరికొండ కుమ్మరి ఇంట్లో తయారవుతాయి. పీర్ల పండుగకు నిప్పుల గుండం చుట్టూ ఆడేవాళ్లలో అన్ని కులాలవాళ్లూ ఉంటారు. అయితే పక్కవాళ్లను కించపరిచే మాటలు కూడా ఈ అన్ని భాషల్లోనూ ఉన్నాయి. "తురకోళ్లంటే అంతే", "గోండోళ్లకేం తెలుసు", "లంబాడోళ్లను నమ్మరాదు". ఈ మాటలనేటప్పుడు ఎవరూ గొంతు పెంచరు. కూర తరుగుతూ అంటారు, పొదుపు డబ్బులు లెక్కపెడుతూ అంటారు. అన్నవాళ్లెవరూ తమకు ద్వేషం ఉందని అనుకోరు.

ఎప్పటి నుంచో ఉన్న ఈ మాటల గురించి ఇప్పుడెందుకు రాయాల్సి వచ్చిందంటే, ఈ మధ్య వాటికి ఒక కొత్త సమర్థన దొరికింది. అది మనమే. ఆడవాళ్ల రక్షణ.

2024 ఆగస్టు 31న కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలంలో ఆటో ఎక్కిన ఒక ఆదివాసీ స్త్రీ మీద దారుణమైన దాడి జరిగింది. మొదట దాన్ని రోడ్డు ప్రమాదమనే అనుకున్నారు. హైదరాబాదులో గాంధీ ఆసుపత్రిలో స్పృహ వచ్చాక ఆమె నోరు తెరిచి చెబితేనే అత్యాచార యత్నం, హత్యాయత్నం కేసు నమోదైంది, ఆటో డ్రైవరు అరెస్టయ్యాడు. అతను ముస్లిం. సెప్టెంబరు 4న బంద్ రోజున జైనూరులో దుకాణాలు తగలబడ్డాయి, ప్రార్థనా స్థలం మీద దాడి జరిగింది, ఇంటర్నెట్ ఆపేశారు, పోలీసు బలగాలు దిగాయి.

ఆ తర్వాత చాలా రోజులు మా చుట్టుపక్కల ఏ సమావేశానికి పోయినా ఒకటే జాగ్రత్త విన్నాను. "ఆటో ఎక్కే ముందు పేరు అడుగు చెల్లె." చెప్పినవాళ్లు ప్రేమతోనే చెప్పారు. కానీ ఒక మనిషి చేసిన నేరానికి దుకాణాలు కాలిపోయిన చిన్న వ్యాపారుల ఇళ్లలో కూడా ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారు. వాళ్ల రక్షణ గురించి ఆ నెలలో ఎంతమంది మాట్లాడారు? పోనీ, ఆ ఆదివాసీ సోదరికి ఎలా ఉందని ఎంతమంది అడిగారు? మరుసటి వారానికి అందరూ కాలిన దుకాణాల గురించే మాట్లాడారు, ఆమె వార్త లోపలి పేజీకి జారిపోయింది.

ఎవరూ అడగని ప్రశ్నలు ఇంకా ఉన్నాయి. దాడిని ప్రమాదమని ఎందుకు అనుకున్నారు? 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. బస్సే రాని గూడెంలో ఉన్న ఆడదానికి ఆ ఉచితం వల్ల ఒరిగేదేమిటి? ఆమెకు దిక్కు ఆటోయే. ఆటో నడిపేవాడి పేరు అడగమని చెప్పడానికి ఖర్చు కాదు, బస్సు వేయించడానికి అవుతుంది.

జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా చెప్పే లెక్క మన కార్యకర్తలందరికీ తెలిసిందే: అత్యాచారం కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. బంధువు, పక్కింటివాడు, పెళ్లి చేసుకుంటానని నమ్మించినవాడు. అంటే చాలాసార్లు సొంత కులం, సొంత మతం మనిషే. పేరడిగి ఆటో ఎక్కిన అమ్మాయి దిగి వెళ్లేది ఆ ఇంటికే.

2019 నవంబరు నెల మనకు గుర్తుండాలి. నవంబరు 24న లింగాపూర్ మండలంలో, ఊరూరా తిరిగి చిన్నచిన్న వస్తువులు అమ్ముకునే ఒక దళిత స్త్రీపై ముగ్గురు అత్యాచారం చేసి చంపారు. పోలీసులు ఆమెను 'సమత' అన్నారు. మూడు రోజులకు హైదరాబాదు శివార్లలో 'దిశ' ఘటన. దిశ కోసం దేశమంతా కదిలింది, కదలాల్సిందే. సమత కోసం కొవ్వొత్తి వెలిగించినవాళ్లెందరు? దళిత, మహిళా సంఘాలు రోడ్డెక్కి అడిగాకే ప్రత్యేక కోర్టు వచ్చింది. 2020 జనవరి 30న ఆదిలాబాద్‌లో ముగ్గురికీ మరణశిక్ష పడింది.

ఇందులో దురభిమానం రెండు రకాలుగా పనిచేసింది. దిశ కేసులో నిందితులు నలుగురైతే, ఫోన్ల నిండా తిరిగింది ఒక్కడి పేరు, ముస్లిం పేరు. ఆ నలుగురినీ డిసెంబరు 6న పోలీసులు కాల్చి చంపారు. కావాలనే కాల్చారని సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. సమత విషయంలో ఆమె కులాన్ని బట్టి ఊరుకున్నవాళ్లే తర్వాత దోషుల మతం దొరకగానే ఆమెను తలుచుకోవడం మొదలుపెట్టారు. బతికున్నప్పుడు ఆమెను గుమ్మం లోపలికి రానిచ్చారా అని నేను అడగాలనుకుంటాను.

ఇక్కడ మనకొక ఇబ్బంది ఉంది, దాన్ని దాటేయకూడదు. నేరం చేసినవాడు ముస్లిం అయినప్పుడు, లేదా ఆదివాసీ అయినప్పుడు, గట్టిగా మాట్లాడితే మతోన్మాదుల చేతికి కర్ర ఇచ్చినట్టవుతుందని మనలో కొందరు వెనకాడతారు. వెనకాడితే బాధితురాలు ఒంటరిదవుతుంది, ఆ ఖాళీలోకి వాళ్లే వస్తారు. నా ఉద్దేశంలో ఆమె దగ్గరికి మొదట చేరాల్సింది మనమే. ఆసుపత్రికి, స్టేషనుకు, కోర్టుకు ఆమె వెంట మనం ఉంటే, "ఈమె పేరుతో ఎవరి ఇల్లూ కాల్చొద్దు" అనే హక్కు మనకుంటుంది. లేకపోతే ఉండదు.

ఇదేదో ఇతరుల సంగతి అన్నట్టు రాస్తే నిజాయితీ కాదు. 2017 చివర్లో ఆదివాసీ, లంబాడీ ఘర్షణ ముదిరినప్పుడు మన సమావేశాల్లోనే ఇద్దరినీ ఒక చాప మీద కూర్చోబెట్టడం కష్టమైంది. రిజర్వేషన్ల గురించి, భూముల గురించి ఆదివాసీల వాదన వేరు. దానిలో చర్చించాల్సింది చాలా ఉంది. కానీ "లంబాడోళ్లు దొంగలు" అనే మాట ఆ వాదనలో భాగం కాదు. అది 1871లో ఇంగ్లీషువాళ్లు నేరస్త జాతుల చట్టం పెట్టి సంచార జాతుల నెత్తిన వేసిన ముద్ర. చట్టం 1952లో పోయింది, మాట పోలేదు.

చట్టం ఎక్కడిదాకా వస్తుందో తెలిసి ఉండటం మంచిది. దుకాణం, హోటలు, బావి, చెరువు దగ్గర మతం, జాతి, కులం పేరుతో ఎవరినీ అడ్డుకోరాదని రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజు చెబుతుంది. అద్దె ఇల్లు అందులో లేదు. ఇల్లు చూడడానికి పోయిన మన అంగన్‌వాడీ టీచరును "మీరేమిట్లు?" అని అడిగి, పేరు వినగానే "ఇప్పుడే వేరేవాళ్లకు ఇచ్చినం" అంటే, అది మతం వల్లే అయితే కేసు పెట్టడానికి ప్రత్యేక చట్టం లేదు. సచార్ కమిటీ 2006లో సమాన అవకాశాల కమిషన్ కావాలన్నది, అది ఇప్పటికీ రాలేదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కులం పేరుతో చేసిన అవమానం నలుగురి కంటపడేచోట జరిగి ఉండాలి, నాలుగు గోడల మధ్య చాలదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. విద్వేష ప్రసంగాల మీద మాత్రం, ఫిర్యాదు లేకున్నా పోలీసులే కేసు పెట్టాలని 2023 ఏప్రిల్‌లో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. మీ ఊళ్లో అలాంటి సభ జరిగితే తేదీ, మాటలు రాసిపెట్టుకుని స్టేషనులో ఈ సంగతి గుర్తుచేయండి.

మిగిలిందంతా చట్టం రాని చోట, వంటింట్లో, చాప మీద, బస్సు సీట్లో జరుగుతుంది. అక్కడ ఉపన్యాసం పనిచేయదు. ఒక సమావేశంలో ఒకామె "వాళ్లింతే అక్కా" అన్నప్పుడు మా సీనియర్ కార్యకర్త కోపగించుకోలేదు. "వాళ్లంటే ఎవరు వదినె? నీకు తెలిసిన ఒక్కరి పేరు చెప్పు" అన్నది. ఆమె కాసేపు ఆలోచించి, కాన్పప్పుడు తనను ఆసుపత్రికి చేర్చిన ఆటో అతని పేరు చెప్పింది. అందరూ నవ్వారు, ఆమె కూడా. అందరూ ఇలా నవ్వరు. ఒకరిద్దరు లేచిపోతారు కూడా. అయినా ఆ క్షణాన ఊరుకోవడం కంటే అడగడం మేలు. మనం ఊరుకుంటే ఒప్పుకున్నట్టే వాళ్లు లెక్కవేసుకుంటారు.

అద్దె ఇళ్ల సంగతి మాత్రం వదలదలచుకోలేదు. ఇచ్చోడ, గుడిహత్నూర్, ఉట్నూర్, నిర్మల్‌లలో కులం వల్ల, మతం వల్ల ఇల్లు దొరకని ఆడవాళ్ల అనుభవాలు వచ్చే సంచికలో వేయాలనుకుంటున్నాం. పేర్లు వేయం. ఏ ఊళ్లో అడిగారు, ఇంటివాళ్లు ఏం కారణం చెప్పారు, ఆ తర్వాత ఎక్కడ ఉన్నారు, ఈ మూడూ రాస్తే చాలు. రాయడం రానివాళ్లు మన కార్యకర్తలకు గోండీలో చెప్పినా, ఉర్దూలో చెప్పినా రాసుకుంటారు.