కారు నాడులు – తీగెల యతుకులు



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలో నేడు మధ్యతరగతి గృహములకును కారు వచ్చినది. వచ్చిన నెలలోపలనే దానికి నగలు తొడుగు వేడుకయు మొదలగుచున్నది. వెనుక చూపు కెమెరా, దొంగ తాకినంతనే కూయు నలారము, జాడ తెలుపు జీపీయస్సు, మిఱుమిట్లు గొలుపు దీపములు, బండికి బలము పెంచునని చెప్పెడి చిన్న పెట్టె – ఇట్టివెన్నియో. నగ పెట్టుట తప్పుగాదు. నగకొఱకు నాడిని కోయుట తప్పు.

పూర్వపు కార్లలో ఇంజనుకు పెట్రోలు నందించు పని కార్బురేటరుది. ఇప్పుడా పనిని ఒక చిన్న కంప్యూటరు చేయుచున్నది. ఇంజను వేడి యెంత, లోనికి పోవు గాలి యెంత, పొగలో మిగిలిన ప్రాణవాయువెంత యను సంగతులను సెన్సారులు తీగెలద్వారా దానికి తెలుపుచుండును. వైద్యుడు నాడి చూచి మందు నిర్ణయించునట్లు, అది యా వార్తలనుబట్టి యెంత పెట్రోలు పోయవలెనో నిర్ణయించును.

బ్యాటరీ విద్యుత్తు 12 వోల్టులు. సెన్సారులలో పెక్కు 5 వోల్టులతోనే పనిచేయును. పొగగొట్టములోని ఆక్సిజను సెన్సారు పంపు సంకేతము సాధారణముగా 1 వోల్టునకును లోపలనే. ఇంత సన్నని వార్త నడచు తీగెను కోసి, మెలిపెట్టి, టేపు చుట్టినచో నేమగును? వానల తేమకు రాగి చిలుము పట్టును. ఇంజను వేడికి టేపు జిగురు కరగును. వార్త తప్పిపోవును, మందును తప్పును. ఇంజను కుదుపులు, మైలేజి తగ్గుట, ఇంజను బొమ్మగల పసుపుదీపము వెలుగుట దాని చిహ్నములు. ఒక్కొక్కప్పుడు బండి నడిదారిలో నిలిచిపోవును.

హైదరాబాదునుండి సూర్యాపేట, కోదాడల మీదుగా విజయవాడకు పోవు 65వ నంబరు జాతీయ రహదారిపై రేయింబవళ్లు లారీలు, బస్సులు పరుగులిడుచుండును. ప్రసవవేదన పడు కోడలిని వెంటబెట్టుకొని యర్ధరాత్రమున పోవుచుండగా అక్కడ ఇంజను నిలిచిన గతి యేమి? అతుకు వేసినవాని దుకాణ మప్పటికి మూసియుండును.

డీజిలు బండ్లకు పెట్టు ఆ బలపు పెట్టెలలో పెక్కింటి మర్మమును వినుడు. అవి ఇంధనపు టొత్తిడి యున్నదానికంటె తక్కువయని కంప్యూటరుతో అబద్ధమాడును. అది నమ్మి యొత్తిడి పెంచును. భారమంతయు ఇంజను మోయవలసినదే. అబద్ధముపై నడచు సంసారమువంటిదే యిదియు.

కావున బండిని షెడ్డున విడుచునప్పుడు ఈ నాలుగు మాటలు చెప్పుడు. దీపములు, హారను వంటి ఎక్కువ కరెంటు లాగువానికి బ్యాటరీనుండి వేఱు తీగె తీసి, దాని మొదటనే ఫ్యూజును, నడుమ రిలేను పెట్టవలెను. ఫ్యూజు లేని సన్నని తీగె వేడెక్కి నిప్పంటుకొనవచ్చును. కెమెరా వంటి చిన్నవానికి ఫ్యూజు పెట్టెనుండియే కరెంటు తీసికొనవలెను. ఇంజను కంప్యూటరు తీగెలను, ఎయిర్‌బ్యాగుల పసుపు తీగెలను ముట్టరాదు; బల్బు టెస్టరుతో వానిని పొడిచి చూడనురాదు. ఏ తీగెకు ఏది కలిపినదియు కాగితముపై వ్రాయించుకొని, బిల్లుతోకూడ దాచుకొనవలెను.

1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 52వ విభాగము రిజిస్ట్రేషను వివరములకు భిన్నముగా బండిని మార్చుటను నిషేధించుచున్నది. గ్యాసు కిట్టు పెట్టించినచో, అది ఆమోదము పొందినదై ఆ పత్రములో నెక్కవలెను.

"ఆడువారికి యంత్రముల సంగతి యేల?" అను వారుందురు. ఆ బండిలో కూర్చుండునది మన బిడ్డలు. అడుగుట మన హక్కు మాత్రమే కాదు, ధర్మమును.