అడగని ప్రశ్న

డాక్టర్లు అయిదేళ్లలో కనీసం 30 గంటలు నిరంతర వైద్యవిద్యలో పాల్గొనాలని అప్పటి భారత వైద్యమండలి 2002లోనే నియమం పెట్టింది. మంచిదే. అక్కడ ఏం నేర్పుతున్నారన్నదే నా పేచీ.

డయాలిసిస్ మీద జరిగిన ఒక తరగతిలో నేనూ కూర్చున్నాను. రోజంతా యంత్రం, నీటి శుద్ధి, ఇన్ఫెక్షన్లు. అవన్నీ అవసరమే. నెలసరి అన్న మాట మాత్రం ఒక్కసారీ వినపడలేదు. గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. నెలసరి రోజుల్లో దానివల్ల రక్తస్రావం ఎక్కువ కావచ్చు. అసలే రక్తహీనతతో ఉన్న మనిషి! మోతాదు తగ్గించవచ్చు, కొందరికి హెపారిన్ లేకుండానే చెయ్యవచ్చు. కానీ ముందు అడగాలి కదా? పక్క మంచం మీద మగమనిషి, మధ్యలో తెర లేదు. ఆమె తనంతట తాను చెబుతుందా?

ఫిస్టులా ఉన్న చేత్తో బరువులెత్తకమ్మా అంటారు. ఉద్దానంలోనైనా మరోచోటైనా బిందె మోసేదెవరు? ఆ మాట భర్తకీ అత్తకీ కూడా చెప్పాలని ఏ తరగతిలో నేర్పారు? 'రోగి సలహా పాటించలేదు' అని కేసు షీటులో రాయడం మాత్రం అందరికీ వచ్చు.

వచ్చే తరగతిలో పాఠం చెప్పడానికి డయాలిసిస్ చేయించుకుంటున్న ఇద్దరు స్త్రీలని పిలవండి. దారిఖర్చులిచ్చి, డయాలిసిస్ లేని రోజు చూసి.