అల్మరాలో నాణేలు – అంచు చూశారా?

బంగారం గురించి మన ఆడవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. గాజు చేతిలోకి తీసుకోగానే ఎంత బరువుంటుందో చెప్పేస్తాం. కానీ ఇక్కడ అమెరికాలో మగవాళ్లు సరదాపడి కొని అల్మరా పైఅరలో దాచే నాణేల పెట్టెల జోలికి మాత్రం వెళ్లం. "అవి ఆయన లెక్క" అనేసి ఊరుకుంటాం. అలా ఊరుకోవడం తప్పని నా గట్టి అభిప్రాయం. ఇంట్లో ఉన్నది ఏ లోహమో ఇల్లాలికి తెలిసి తీరాలి.

ముందు అసలు సంగతి చెప్తాను. ప్రూఫ్ నాణెం అంటే చాలామంది వెండి నాణెం అనుకుంటారు. కాదండీ. ప్రూఫ్ అంటే అది తయారైన పద్ధతి. బాగా మెరుగుపెట్టిన అచ్చులతో, ఒకటికి రెండుసార్లు గట్టిగా నొక్కి తీస్తారు. అందుకే అద్దంలా మెరుస్తుంది. లోపల ఏ లోహం ఉందన్నది వేరే మాట.

1964 దాకా ఈ దేశంలో డైమ్, క్వార్టర్, హాఫ్ డాలర్ నాణేలలో 90 శాతం వెండి ఉండేది. 1965లో చట్టం మార్చి డైమ్, క్వార్టర్లలో వెండి పూర్తిగా తీసేశారు. ఇప్పటివి మధ్యలో రాగి, దానికి అటూ ఇటూ రాగి-నికెల్ పొరలు. వీటినే క్లాడ్ అంటారు. మామూలు ప్రూఫ్ సెట్లలో ఉండేవి ఇవే. 1992 నుంచి వెండి ప్రూఫ్ సెట్లు కూడా విడిగా అమ్ముతున్నారు. 2018 వరకు వాటిలో 90 శాతం వెండి, 2019 నుంచి 99.9 శాతం. ఆ సెట్లో కూడా అన్నీ వెండివి కావు. డైమ్, క్వార్టర్లు, హాఫ్ డాలర్ మాత్రమే వెండి. సెంటు, నికెల్, డాలరు మామూలువే.

రెండింటి మీదా బొమ్మ ఒకటే, సైజు ఒకటే. వెండి అని నాణెం మీద ఎక్కడా రాసి ఉండదు. "ఎస్" అనే అక్షరం చూసి సిల్వర్ అనుకునేవాళ్లున్నారు. అది శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల గుర్తు. క్లాడ్ ప్రూఫ్‌ల మీదా ఉంటుంది, వెండి ప్రూఫ్‌ల మీదా ఉంటుంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మాకు తెలిసిన ఒక పిన్నిగారికి నిరుడు బాబాయిగారు పోయారు. ఆయనకి నాణేల పిచ్చి. పైన కాగితం పెట్టెలన్నీ పారేసి, ప్లాస్టిక్ పెట్టెలు మాత్రం బూట్ల డబ్బాల్లో సర్దిపెట్టుకున్నారు. పిన్నిగారు ఒక దుకాణానికి పట్టుకెళితే, ఆయన పైపైన చూసి "అన్నీ మామూలువే, పెట్టెకి ఇంత" అన్నాడట. ఇచ్చేద్దామనుకుంటూనే, ఎందుకో మనసొప్పక మా ఇంటికి తెచ్చారు. "నాకేం తెలుసమ్మా, అన్నీ ఆయనే చూసుకునేవారు" అంటూ డబ్బాలు బల్ల మీద పెట్టారు.

వాటిలో ఎక్కువ భాగం 1999 నుంచి 2008 వరకు ఏడాదికి ఐదు చొప్పున వచ్చిన రాష్ట్రాల క్వార్టర్లు. మా వంటింటి త్రాసు గ్రాము కంటే తక్కువ చూపించదు. క్లాడ్ క్వార్టర్ 5.67 గ్రాములు, 90 శాతం వెండిది 6.25. విడిగా పెడితే రెండూ 6 అనే చూపిస్తుంది, పనికిరాదు. కానీ ఐదూ కలిపితే సుమారు మూడు గ్రాముల తేడా వస్తుంది. ఒకే రకం ప్లాస్టిక్ పెట్టెలు కాబట్టి మూత తియ్యకుండానే ఒక్కొక్కటీ తూచాం. రెండు గుంపులుగా విడిపోయాయి. బరువైన గుంపులోంచి ఒకటి జాగ్రత్తగా విప్పి అంచు చూశాం. చుట్టూ తెల్లగా ఉంది, రాగి గీత లేదు. మొత్తం తొమ్మిది పెట్టెలు తేలాయి. లెక్క వేస్తే పావు కిలో వెండి! పిన్నిగారు కళ్లు తుడుచుకుని, "ఒక్క ముక్క చెప్పి ఉంటే ఏం పోయేది ఈయనకి" అన్నారు.

ఆ మాటే నన్ను పట్టుకుంది. బాబాయిగారు దాచినది భార్య కోసమే, పిల్లల కోసమే. కానీ ఏది ఏదో చెప్పకుండా దాచిన ధనం, దారిన పోయేవాడు చెప్పిన ధరకి పోతుంది.

కాబట్టి మీ ఇంట్లో ఉంటే ఇలా చూడండి. పెట్టె మీదా, లోపలి కాగితం మీదా "సిల్వర్" అని ఉందో లేదో చదవండి. అయితే పెట్టెలు మారిపోవచ్చు, అది ఒక్కటే నమ్మకండి. అంచు కనిపిస్తుంటే చూడండి. రాగి రంగు గీత కనిపిస్తే క్లాడ్. తెల్ల కాగితం మీద రెండూ పక్కపక్కన పెడితే వెండి తెల్లగా, క్లాడ్ కొంచెం బూడిదరంగుగా అనిపిస్తుంది. అనుమానం తీరకపోతే తూకం. అయస్కాంతంతో లాభం లేదు, రెండూ అంటుకోవు. నేలకేసి మోగించి చూడకండి. వేళ్లతో ముట్టుకోకండి. పూజ సామాన్లలా చింతపండు, విభూతి పెట్టి తోమారో, అద్దంలాంటి ఆ మెరుపు పోతుంది, దాంతోపాటు విలువా పోతుంది.

"ఆయన్ని అడిగితే డబ్బు మీద కన్నేసిందనుకుంటారేమో" అని ఒక స్నేహితురాలు అంది. బ్యాంకు లాకరు తాళం ఎక్కడుందో అడిగితే అలా అనుకుంటున్నారా? ఇదీ అంతే. పక్కన కూర్చుని చూపించమంటే, నాణేల పిచ్చి ఉన్న మనిషి సంతోషంగా గంటసేపు చెప్తాడు. మా ఆయన సంగతి నాకు తెలుసు కదా!

ఈ ఆదివారం ఆ డబ్బాలు కిందికి దింపించండి. ఒక్కో పెట్టెకి చిన్న చీటీ అంటించండి: ఏ సంవత్సరం, వెండా కాదా. తెలుగులోనే రాయండి, మనకి అర్థమైతే చాలు.