తగ్గించనివ్వని తగ్గింపు

నెలాఖర్లో ఏ కార్ల షోరూముకైనా వెళ్లండి. గాజు తలుపు మీద పెద్దక్షరాలతో ‘50,000 వరకు లాభం’ అని ఉంటుంది. ఆ ‘వరకు’లోనే ఉంది దగా అంతా. పాత కారు అప్పగిస్తేనే ఎక్స్‌చేంజ్ బోనస్, పేరున్న కంపెనీలో ఉద్యోగం ఉంటేనే కార్పొరేట్ డిస్కౌంట్. మొదటిసారి కారు కొనే రైతుకో, కిరాణా కొట్టు నడుపుకునే మనిషికో దక్కేది అందులో చిన్న ముక్క.

మా చెల్లెలు కారు కొన్నప్పుడు పక్కనే ఉన్నాను. ఇరవై వేలు తగ్గించామన్నారు. బీమా మాత్రం తమ దగ్గరే చేయించాలన్నారు. అదే బీమా బయట అడిగితే తొమ్మిది వేలు తక్కువ. మ్యాట్లు, సీటు కవర్ల కిట్ తప్పనిసరట. కింద హ్యాండ్లింగ్ చార్జీలని ఇంకో పద్దు. ఇదేంటని అడిగితే, “అందరూ కడుతున్నారు సార్” అన్నాడు అక్కడి కుర్రాడు. అతని మీద నాకు కోపం లేదు. టార్గెట్ అందకపోతే ముందు పోయేది అతని ఇన్సెంటివే.

నా కోపం ఆ పైనున్న ఏర్పాటు మీద. కారు ధరలో డీలరుకు మిగిలేది తక్కువ. టార్గెట్ దాటితే కంపెనీ ఇచ్చే బోనస్, బీమా కమిషన్, లోను ఇప్పించినందుకు బ్యాంకు ముట్టజెప్పేది, ఇవీ అతని ఆదాయాలు. అందుకే పదో తేదీన ససేమిరా అన్న తగ్గింపు ముప్పయ్యో తేదీన పుట్టుకొస్తుంది. అదే కారు, అదే రంగు, ఇద్దరికి రెండు ధరలు.

పోనీ, డీలరే తన లాభంలోంచి ఇంకాస్త వదులుకుంటానంటే? 2021 ఆగస్టులో మారుతీ సుజుకీకి కాంపిటీషన్ కమిషన్ 200 కోట్ల రూపాయల జరిమానా ఎందుకు వేసిందో చూడండి. కొనేవాళ్లలా నటించే మనుషులను డీలర్ల దగ్గరికి పంపి, రహస్యంగా రికార్డు చేయించి, అనుమతి లేకుండా ఎక్కువ తగ్గించినవాళ్లకు ఆ కంపెనీ జరిమానాలు వేసిందని కమిషన్ తేల్చింది. ఆ జరిమానాలు సేల్స్ సిబ్బంది దాకా వెళ్లాయి. అది చదివినప్పుడు నా ఒళ్లు మండింది. మనకు నాలుగు రూపాయలు మిగిల్చినందుకు శిక్షా! కంపెనీ అప్పీలుకు వెళ్లింది. 2017లో ఇలాంటి ఆరోపణ మీదే హ్యుందాయ్‌కి వేసిన 87 కోట్ల జరిమానా మరుసటి ఏడాది అప్పీల్లో కొట్టుకుపోయింది. ఈ కేసులు ఎటు తేలినా, పదేళ్లు కూడబెట్టి షోరూము మెట్లెక్కిన మనిషికి అసలు లెక్క ఇప్పటికీ చూపించడం లేదు.

2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. తనకెంత తగ్గాలో ప్రతివాడూ లెక్కగట్టుకోగలిగాడు. బిల్లులో పన్నుకంటూ ఒక పద్దు ఉంది కనుక. కంపెనీ డీలరుకిచ్చే స్కీము డబ్బుకి ఆ పద్దు ఎందుకు లేదు? ప్రభుత్వం చట్టం చేసి పెట్టించాలి. ఈ కారు మీద కంపెనీ డీలరుకిచ్చింది ఇంత, అందులో నీకిచ్చింది ఇంత అని కొటేషన్ కాగితం మీదే రాసివ్వాలి, అడ్వాన్సు తీసుకోకముందే.