కెమెరా కొనే ముందు ఒక్క మాట

ఈ మధ్య కోనరావుపేట మండలంలోని ఒక ఊరికి దినకర్మకు వెళ్లవలసి వచ్చింది. పోయిన పెద్దాయన బతికినన్నాళ్లూ ఆ ఊళ్లోనే వ్యవసాయం చేసినవాడు. ముగ్గురు కొడుకులు, అందులో ఇద్దరు దుబాయిలో ఉన్నారు. ముగ్గురి చేతుల్లోనూ ఖరీదైన ఫోన్లే. అయినా దండ వేయడానికి తండ్రి ఫోటో ఒక్కటి సరైనది దొరకలేదు. చివరకు ఆధార్ కార్డు మీది బొమ్మనే సిరిసిల్లకు తీసుకుపోయి పెద్దది చేయించారు. ముఖమంతా మసకబారి వచ్చింది. ఆయన భార్య దాన్ని చూసి "ఇది ఆయన తీర్గ లేదు గదా బిడ్డా" అన్నది.

ఆ ఇంటికి నాలుగిండ్ల అవతలే డ్రోనుతో సహా కెమెరా సామానంతా కొన్న యువకుడొకడు ఉన్నాడు. పెండ్లిళ్లు లేని నెల కావడం వల్ల ఆ సామాను పెట్టెలోనే ఉంది. మిత్తి మాత్రం నడుస్తున్నది.

మన పల్లెల్లో ఇంటి దగ్గరే ఫోటో పని పెట్టుకుని బతకవచ్చునా అని చాలామంది పిల్లలు అడుగుతున్నారు. బతకవచ్చు. అయితే పెండ్లిళ్లతో మొదలు పెట్టవద్దనేది నా అభిప్రాయం.

లెక్క చూడండి. రెండు లక్షలు అప్పు తెచ్చి కెమెరా కొన్నారనుకుందాం. నూటికి రెండు రూపాయల మిత్తి చొప్పున నెలకు 4,000, ఏడాదికి 48,000 రూపాయలు మిత్తికే పోతాయి. అసలు అట్లాగే ఉంటుంది. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, పుష్యమాసంలో ఉండవు, మూఢం వస్తే అసలే ఉండవు. ముహూర్తం ఉన్ననాడు చుట్టుపక్కల పది లగ్గాలుంటే మనిషి ఒక్కడే, ఒక్క చోటికే పోగలడు. కాస్త కలిగినవారు కరీంనగర్ నుంచో, హైదరాబాద్ నుంచో ఫోటోగ్రాఫర్లను పిలిపించుకోవడం గొప్పగా తలుస్తున్నారు. బర్రెను కొంటే దూడను పెడుతుంది, కెమెరా ఈనదు గదా. కొన్న మరునాటి నుంచే దాని ధర పడిపోతుంది. ఇక డ్రోను సంగతి. 2021 నాటి డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములకు మించిన డ్రోనును సంపాదన కోసం ఎగరవేసేవారికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. కొనేముందు ఈ మాట అడిగేవారు తక్కువ.

మరి దేనితో మొదలు పెట్టాలి? చేతిలో ఉన్న ఫోనుతో, ఫోటో కాగితం పట్టే ఒక చిన్న ఇంకు ప్రింటరుతో. బ్యాంకు ఖాతాకు, పరీక్ష దరఖాస్తుకు, బీడీ కార్డుకు, ఇంకా ఏ కాగితం పెట్టినా ఫోటో అడుగుతారు. దాని కోసం ముసలివాళ్లు కూడా ఆటో ఎక్కి సిరిసిల్లకో, వేములవాడకో పోవలసి వస్తున్నది. 4x6 అంగుళాల కాగితం ఒక్కదాని మీద 35x45 మిల్లీమీటర్ల ఫోటోలు ఎనిమిది పడతాయి. ఇందులో లాభం చిన్నదే, కాని ఏడాది పొడవునా ఉంటుంది. ఆషాఢమని ఆగదు.

ఇక ఫోటో బాగా రావడమన్నది కెమెరా ధర కన్నా వెలుతురు మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది. మన పెంకుటిండ్ల అరుగు మంచి స్టూడియో. పైన నీడ, ఎదుట తెరిపి ఆకాశం. మనిషిని అరుగు అంచుకు దగ్గరగా, వాకిటి వైపు ముఖం పెట్టి కూర్చోబెట్టాలి. ఎండ నేరుగా ముఖం మీద పడకూడదు, నడిమింట ఎండలో తీస్తే కండ్ల కింద గుంటలు పడతాయి. ఒక చెంప మరీ చీకటిగా ఉంటే ఆ పక్కన ఉతికిన తెల్ల ధోవతి పట్టుకుని ఒకరిని నిలబెట్టండి, ఆ వెలుతురు తిరిగి చెంప మీదికి వస్తుంది. ఫ్లాష్ కొట్టవద్దు. తెల్ల గోడ ముందు కూర్చోబెడితే కెమెరా ఆ తెలుపును చూసి మోసపోయి ముఖాన్ని నల్లగా తీస్తుంది. అప్పుడు తెర మీద ముఖాన్ని వేలితో తాకి, వెలుతురు కొంచెం పెంచాలి. తీసే ముందు లెన్సును మెత్తటి బట్టతో తుడవడం మరవకండి. నూనె చేతుల్లో తిరిగే ఫోనుకు సగం మసక అక్కడే ఉంటుంది. మరీ దగ్గరికి పోయి తీస్తే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. ఐదారు అడుగుల దూరంలో నిలబడి తీసి, తర్వాత కావలసినంత కత్తిరించుకోవచ్చు.

కెమెరా చూడగానే మన పెద్దవాళ్లు ఊపిరి బిగబట్టి కట్టెలాగ కూర్చుంటారు. రెండు తీసి, "అయిపోయింది కాకా" అనాలి. ఆయన ఊపిరి వదిలి, కండువా సర్దుకుని, ఈసారి వరి ఎట్లుందని మాట్లాడతాడు. అసలు ఫోటో అప్పుడు తీయాలి.

మరొక చిక్కు ఉంది. పోయినవారి ఫోటోను పెద్దది చేయమని వాట్సాప్‌లో పంపుతారు. డిజిటల్ ఫోటో అంటే చుక్కల లెక్క. 1975లో కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ శాసన్ తయారు చేసిన మొదటి డిజిటల్ కెమెరాలో ఫోటోకు పదివేల చుక్కలే. ఒక్కటి నమోదు కావడానికి 23 సెకండ్లు పట్టేది. ఇప్పుడు 12 మెగాపిక్సెల్ ఫోనులో కోటీ ఇరవై లక్షల చుక్కలుంటాయి. గోడకు తగిలించే 12x18 అంగుళాల ఫోటోకు అవి చాలు. వాట్సాప్‌లో మామూలుగా పంపినప్పుడు చాలా చుక్కలు రాలిపోతాయి. కనుక డాక్యుమెంటుగా పంపమని గిరాకీకి ముందే చెప్పాలి. (డిజిటల్ కెమెరాను కనిపెట్టిన ఆ కొడాక్ కంపెనీయే ఫిల్ము వ్యాపారాన్ని వదలలేక 2012లో దివాలా కోర్టుకెక్కింది!)

ఈ పని మగపిల్లలదే అనుకోవడం కూడా పొరపాటు. నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీనదయాళ్ 1892లోనే హైదరాబాదులో పరదా స్త్రీల కోసం వేరే స్టూడియో తెరిచి, దాన్ని నడపడానికి ఒక ఆంగ్ల మహిళను పెట్టాడు. నూట ముప్పయి ఏండ్లు దాటినా మన మండలాల్లో ఆడపిల్ల కెమెరా పట్టుకుంటే వింతగా చూస్తున్నాం. సీమంతానికి, పసిపిల్లల ఫోటోలకు, ఓణీల ఫంక్షనుకు ఆడవాళ్లు ఆడపిల్లనే కోరుకుంటారు. బీడీలు చుట్టే తల్లి పక్కన కూర్చుని డిగ్రీ చదివే అమ్మాయి ఈ పని ఎందుకు చేయకూడదు?

నమ్మకం పోతే మాత్రం ఈ వృత్తి ఊళ్లో ఒక్కరోజు నిలవదు. ఒక ఇంటి ఆడపిల్ల ఫోటోను అడగకుండా స్టేటస్‌లో పెడితే మళ్లీ ఆ వాడలో ఎవరూ పిలవరు. ఆధార్ నకళ్లు ఫోనులో దాచుకోవద్దు. తీసిన ఫోటోలు మాత్రం రెండు చోట్ల భద్రం చేసి, పేరు, తేదీ ఒక నోటుబుక్కులో రాసుకోండి. వెనుకటి స్టూడియోలవారు నెగెటివులను నంబర్లు వేసి కవర్లలో పెట్టేవారు. ఏండ్ల తర్వాత పోయినా కాపీ దొరికేది.

పని నేర్చుకోదలచినవారు బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలో అడిగి తెలుసుకోవాలి. శిక్షణ, వసతి, భోజనం ఉచితం. ఫోటోగ్రఫీ, వీడియోగ్రఫీ కూడా వారి కోర్సుల్లో ఉంది. ముద్రా పథకంలో శిశు విభాగం కింద తాకట్టు లేకుండా 50,000 రూపాయల వరకు అప్పు ఇస్తారు. ప్రింటరుకు, కాగితానికి అది చాలు. పెద్ద కెమెరాను సంపాదించిన డబ్బుతో కొనుక్కోండి. ఆలోగా పెండ్లికి అవసరమైతే కిరాయికి దొరుకుతుంది.

ముసలివాళ్ల ఫోటో తీస్తామంటే ఇండ్లల్లో కొందరు కోపానికి వస్తారు, అపశకునమంటారు. నిజమే, దండ కోసమని ఎవరు తీయించుకుంటారు? దుబాయిలో ఉన్న కొడుక్కు పంపడానికని చెప్పండి. మనుమరాలిని ఒళ్లో కూర్చోబెట్టి తీయండి. ఒకటి అచ్చువేసి గోడకు పెట్టిస్తే, అది చూసి పక్కింటివారు అడుగుతారు. ధర బోర్డు మీద రాసి పెట్టండి, బేరం ఉండదు.

దినకర్మ నాడు ఆ నాలుగిండ్ల అవతలి యువకుడితో కూడా ఇదే మాట అన్నాను. "చూద్దాం అన్నా" అన్నాడు. పెద్దాయన భార్య అరుగు మీదనే కూర్చుని ఉంది. ఆమె ఫోటో కూడా ఇంకా ఎవరూ తీయలేదు.