గీతలు దాచకండి

మా జలంత్రకోటలో పాత బండి అమ్మాలంటే ముందు గీతలు కనపడకుండా పెయింట్ వేయిస్తారు. రేసు కారుకి లెక్క రివర్స్. 2025 ఫిబ్రవరిలో స్టుట్‌గార్ట్ వేలంలో 1954 నాటి మెర్సిడెస్ డబ్ల్యూ 196 ఆర్ 5 కోట్ల యూరోలకు పైనే పలికింది. 1955లో బ్యూనస్ ఎయిర్స్‌లో ఫాంజియో దాంతోనే గెలిచాడు. అదే ఏడాది మోంజాలో వేరే బాడీ బిగించి మోస్ నడిపాడు. ఫాస్టెస్ట్ ల్యాప్ కొట్టినా రేసు పూర్తి చేయలేకపోయాడు. గెలుపుతో పాటు ఆ ఓటమి, ఆ బాడీ మార్పు కూడా రికార్డులో ఉన్నాయి.

నా దృష్టిలో కొన్నవాళ్లు డబ్బిచ్చింది ఇనుముకి కాదు, ఛాసిస్ నంబరుని అంటిపెట్టుకున్న నిజానికి. అందులో ఒక్క అబద్ధం దొరికినా మిగతాదంతా ఎవరు నమ్ముతారు? మరి మనమెందుకు ప్లేస్‌మెంట్ల ముందు గిట్‌లో ఫెయిలైన కమిట్లన్నీ చెరిపేస్తున్నాం?